నడవకముందే అలసిపోవడం ఎలా?

శివరాత్రికి అడవిదారిన నడిచి శ్రీశైలం వెళ్దామనుకునేవాళ్లకు సలహాలిచ్చేవాళ్ల కొదవ లేదు. వెంకటాపురం దాటాక నీళ్లెక్కడ దొరుకుతాయి, నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర ఎంతసేపు కూర్చోవచ్చు, పెచ్చెరువులో తెల్లవారుజాము చలి ఎలా కొరుకుతుంది, భీముని కొలను దగ్గర మెట్లు దిగి మళ్లీ ఎక్కేటప్పుడు మోకాళ్లు ఏమంటాయి, అన్నీ అడగకపోయినా చెబుతారు. కానీ వీళ్లంతా అడవి దగ్గరే మొదలుపెడతారు. దానికి ముందు ఒక రోజుంది. ఇల్లు కదిలి, బస్సెక్కి, కర్నూలు మీదుగా ఆత్మకూరు చేరి, అక్కణ్నుంచి వెంకటాపురం పోయి నడుం వాల్చే రోజు. నడక పేరుతో చేసే యాత్రలో నడక లేని రోజు. ఆ రోజు సంగతి ఎవరూ పట్టించుకోరు కాబట్టి జనం దాన్ని ఊరికే కిటికీ పక్కన కూర్చుని, వేళకు తిని, వేళకు పడుకుని వృథా చేసుకుంటున్నారు. నిజానికి యాత్ర మొత్తాన్ని చెడగొట్టుకోవడానికి అంతకన్నా అనువైన రోజు దొరకదు.

నా సిద్ధాంతం చాలా తేలిక. కష్టపడితేనే ఫలం అన్నారు పెద్దలు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమే పెట్టి, శ్రీశైలం వెళ్లే జనం పడే పాట్లన్నీ రాశాడు. కష్టం ఎటూ ఖాయమైనప్పుడు దాన్ని నలభై కిలోమీటర్ల అడవిలో రెండు మూడు రోజులు సాగదీయడం తెలివైనవాళ్లు చేసే పని కాదు. మొదటి రోజే, బస్సులోనే, మొత్తం పడేస్తే ఓ పనైపోతుంది. కింద చెప్పినవి తు.చ. తప్పకుండా పాటించండి. వెంకటాపురం చేరేసరికి మీరు పడాల్సిన కష్టం ఒక్కటీ మిగిలి ఉండదు. పూచీ నాది.

ముందస్తు సాధన

చేయకండి. నెల ముందునుంచీ రోజూ పొద్దున్నే ఐదారు కిలోమీటర్లు నడవండి, ఆదివారాలు సంచి భుజానికి తగిలించుకుని ఇంకాస్త దూరం పోయిరండి అని చెప్పేవాళ్లుంటారు. దేవుడి మీద నమ్మకం లేని మాటలవి. మల్లన్నే నడిపిస్తాడు. లిఫ్టు పాడైన రోజు మూడో అంతస్తుకు ఎక్కలేక కింద క్యాంటీన్లోనే ల్యాప్‌టాప్ తెరిచినవాణ్ని నల్లమలలో నడిపించడం ఆయనకో లెక్కా?

గడప దాటే వేళ

బస్సు ఎన్నింటికో ముందు కనుక్కుని దాన్నిబట్టి బయల్దేరేవాడు ప్రయాణికుడు. మనం యాత్రికులం. ముందు పంచాంగం తీయాలి. వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం తీసేయగా మిగిలినదాంట్లో వారశూల చూసుకోవాలి. దక్షిణానికి గురువారం పనికిరాదు. హైదరాబాదు నుంచి కర్నూలు దక్షిణమే. అన్నీ కుదిరి మీకు తెల్లవారుజామున నాలుగు గంటల పది నిమిషాల వేళ దొరికిందనుకోండి, బస్సు తొమ్మిదిన్నరకైనా సరే, నాలుగూ పదికి గడప దాటాల్సిందే. దాటాక వెనక్కి ఇంట్లోకి పోకూడదు కాబట్టి తొమ్మిది దాకా అపార్టుమెంటు కింద వాచ్‌మన్ కుర్చీలో కూర్చోండి. మీ వాళ్లంతా రెండింటికే లేచి మీ కోసం పులిహోర కలిపి ఉంటారు. వాళ్లూ దిగివచ్చి చుట్టూ నిలబడతారు. ఎవరికీ నిద్ర ఉండదు. శుభారంభం అంటే ఇదే.

మన పెద్దవాళ్లు దీనికో అడ్డదారి కనిపెట్టారు. ప్రస్థానం పెట్టడమంటారు. ముహూర్తం వేళకు ఒక మూటనో, చేతికర్రనో తీసుకెళ్లి పక్కింట్లో పెట్టొచ్చి, హాయిగా పడుకుని, బండి వచ్చినప్పుడు దాన్ని తీసుకుని వెళ్లేవారు. మూట వెళ్తే మనిషి వెళ్లినట్టేనట. ఇలాంటి సర్దుబాట్లకు మీరు లొంగకండి. మనిషే వెళ్లాలి, మనిషే కుర్చీలో కునికిపాట్లు పడాలి.

ఈ విషయంలో ఏనుగుల వీరాస్వామి గారిని అసలు ఆదర్శంగా తీసుకోకూడదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినాయన. 1830 మే 18న కాశీయాత్రకు బయల్దేరాడు. అది మంగళవారం. మంగళవారం ఉత్తరానికి శూల. కాశీ ఎక్కడుందో మీకు చెప్పక్కర్లేదు. పోనీ అంతటి పరివారం, పల్లకీ, బోయీలు, వంట సామగ్రి పెట్టుకుని బయల్దేరిన మనిషి మొదటి రోజు ఎంత దూరం వెళ్లాడో తెలుసా? మాధవరం. ఇవాళ చెన్నై నగరంలో కలిసిపోయిన మాధవరమే. ఆంధ్రావైపు వచ్చే బస్సులు ఎక్కేది అక్కడే. తండయారుపేటలో ఉన్న తన తోటయింటి నుంచి, మరిచిపోయిన చెంబు కోసం ఒక మనిషిని పంపితే వంట అయ్యేలోపు తెచ్చేంత దూరం. ఎవరి కాళ్లు ఎలా ఉన్నాయి, ఏ మూట బరువైంది, ఎవరికి జ్వరం తగిలేలా ఉంది, అన్నీ ఇంటి వాకిట్లోనే తేలిపోయేలా చేసుకున్నాడు. తర్వాత తిరుపతి, అహోబిలం చూసుకుని ఇదే ఆత్మకూరు, ఇదే నాగలూటి దారిన శ్రీశైలం కూడా చూశాడు. మొత్తం పదిహేను నెలల పైన తిరిగి 1831 సెప్టెంబరులో క్షేమంగా ఇల్లు చేరాడు. చూసినవన్నీ రాసిపెట్టాడు కూడా. శూల ఆయన్నేమీ చేయలేదుగా అని మీరడగొచ్చు. అలాంటి ప్రశ్నలు యాత్రకు ముందు అడగకూడదు.

మీరు మాత్రం వెనక్కి మనిషిని పంపే వీలు లేనంత దూరం వెళ్లాకే సంచి విప్పి, ఏం మరిచిపోయారో చూసుకోండి.

సంచి

సర్దేటప్పుడు చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువునూ చూసి "ఎందుకైనా మంచిది" అనుకోండి. అనుకున్నాక దాన్ని బయట పెట్టడం ఎవరివల్లా కాదు. దుప్పటి, దాని మీదికి ఇంకో దుప్పటి. గాలిదిండు, అది చిరిగితే పనికొస్తుందని మామూలు దిండు. మూడు పవర్ బ్యాంకులు. నైలాను తాడు. చిన్న సుత్తి. ఇంట్లో మిగిలిపోయిన ఫ్యూజు వైరు. అడవిలో ఫ్యూజు వైరు దేనికని అడిగేవాడు జీవితంలో ముందుచూపు లేనివాడు.

నడిచే అలవాటున్నవాళ్లు వీపు మీద బరువు ఒంటి బరువులో పదోవంతు దాటకూడదంటారు. డెబ్భై కిలోల మనిషికి ఏడు కిలోలు. ఏడు కిలోల్లో ఏమొస్తుంది? పుట్టింటి నుంచి వెళ్లే ఆడపిల్లకు పచ్చళ్లే అంత కడతాం మనం. శివరాత్రి రోజుల్లో దారి పొడవునా దాతలు అన్నదానాలు పెడతారు, నాగలూటి దగ్గరా పెచ్చెరువు దగ్గరా విస్తరి ముందు కూర్చోబెట్టి మరీ వడ్డిస్తారు అన్నది నిజమే. అయినా పన్నెండుమందికి సరిపడా పులిహోర, రెండు డబ్బాల చెక్కలు, డబ్బాడు సున్నుండలు పట్టుకెళ్లండి. అక్కడ వడ్డించేవాళ్లు బలవంతం చేస్తే తినండి. తిన్నాక మీ పులిహోర మళ్లీ భుజాన వేసుకోండి.

ఆవకాయ విషయంలో కొంచెం వివరంగా చెప్పాలి. స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద పాలిథిన్ కవరు కప్పి, రబ్బరు బ్యాండు వేసి, దాన్ని ఇంకో కవర్లో దూర్చి, ఆ కవరు మూతి ముడేసి మొత్తాన్ని సంచి నడిమధ్యన పెట్టండి. ఇంత చేసినా జడ్చర్ల దాటేలోపు నూనె తన దారి తాను వెతుక్కుంటుంది. ముందు లోపలి కవరు మడతల్లో చేరి కాసేపు ఆగుతుంది. బస్సు స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడు ముడి దగ్గర ఒక చుక్క బయటికొస్తుంది. ఆ చుక్క వెళ్లి విభూతి పొట్లానికి తగులుతుంది. కాగితం నూనె పీలుస్తుంది, విభూతి కాగితాన్ని పీలుస్తుంది, కొత్తకోట వచ్చేసరికి పొట్లంలో ఎర్రటి ముద్ద తయారవుతుంది. మిగిలింది తెల్ల పంచె అంచుకు పాకుతుంది. బస్సంతా వాసన. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి "ఈ ఏటిదేనా, పోయినేటిదా?" అని అడుగుతాడు. మర్నాడు పొద్దున నుదుట మూడు రేఖలు దిద్దుకున్నప్పుడు మాత్రం కళ్లు జాగ్రత్త.

ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది. మీరు నడవబోయేది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో. ప్లాస్టిక్ తేవద్దని అటవీశాఖ వాళ్లు చెబుతూనే ఉంటారు. కాబట్టి ప్రతి వస్తువునూ విడివిడిగా పాలిథిన్ కవర్లలో చుట్టి ఉంచితే, అడవి మొదట్లోనే కూర్చుని అన్నీ విప్పి, అన్నీ మళ్లీ సర్దుకునే అవకాశం దొరుకుతుంది. అదో గంట.

ఇక నిజంగా అవసరమయ్యేవి: రోజూ వేసుకునే బీపీ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, మోకాలి పట్టీ, సూదీ దారం, కొబ్బరినూనె సీసా, ఆధార్ కార్డు. ఇవన్నీ చిన్నవి కాబట్టి చివర్లో పెడదామని ఒక కవర్లో వేసి టీవీ పక్కన ఉంచండి. మీరు తిరిగొచ్చేదాకా అవి అక్కడే భద్రంగా ఉంటాయి.

బూట్లు

కొత్తవి కొనండి. బయల్దేరే ముందు రోజు సాయంత్రమే కొనండి. అంతకుముందు కొంటే ఇంట్లో వేసుకుని తిరుగుతారు, అవి పాదానికి అలవాటు పడిపోతాయి, అసలు ప్రయోజనమే దెబ్బతింటుంది. సైజు మీ కాలికి సరిగ్గా అతుక్కునేది తీసుకోండి. షాపులో కుర్రాడు "అర నంబరు పెద్దది తీసుకోండి సార్, ఎక్కువసేపు నడిస్తే కాలు వాస్తుంది" అంటాడు. పెద్ద సైజు స్టాకు మిగిలిపోయి అంటున్నాడని అర్థం చేసుకోండి. సాక్సులు పలచటి నైలానువైతే బాగుంటాయి, చెమట లోపలే ఉంటుంది.

వేసుకున్నాక విప్పొద్దు. బస్సులో నాలుగైదు గంటలు కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే నడవకుండానే పాదాలు పొంగుతాయి. కర్నూలు బస్టాండులో దిగి, ఆత్మకూరు బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో తెలీక ఈ చివర్నుంచి ఆ చివరికి ఆ బరువుతో రెండుసార్లు తిరిగారంటే చాలు. మడమ వెనక, నరం పైకి లేచే చోట ముందు వెచ్చగా ఉంటుంది. కాసేపటికి చురుక్కుమంటుంది. అప్పుడే ఆగి, బూటు విప్పి, ఇంత కొబ్బరినూనె రాసి గుడ్డపట్టీ చుడితే అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆగకండి. సాయంత్రానికి చర్మం కింద నీరు చేరి రూపాయి బిళ్లంత బొబ్బ లేస్తుంది. రాత్రి పదిమందిలో దాన్ని చూపించి, ఎవరో ఒకరి సలహా మీద గోటితో గిల్లేయండి. గోరు కడుక్కోనక్కర్లేదు. మర్నాడు మొదటి కిలోమీటరులోనే పరమశివుడు గుర్తుకొస్తాడు.

వట్టి కాళ్లతో నడుస్తామని మొక్కుకున్నవాళ్లు ఈ సలహా తమకు వర్తించదని బాధపడనక్కర్లేదు. తారురోడ్డు మీద మధ్యాహ్నం ఒంటిగంటకు చెప్పుల్లేకుండా బస్టాండు బయట టీ తాగి రండి.

బస్సు

హైదరాబాదు నుంచి శ్రీశైలానికి నేరుగా బస్సుంది. మన్ననూరు మీదుగా, దోమలపెంట మీదుగా పోతుంది. రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర గేటు వేసి పొద్దున ఆరుకు తీస్తారు తప్ప, పగలు ఎక్కితే ఆరు గంటల్లోపు గుడి ముందుంటారు. మీరేమో కర్నూలు మీదుగా చుట్టూ తిరిగి, రోజంతా ప్రయాణం చేసి, కొండకు అవతలి పక్క దిగి, అక్కణ్నుంచి నడవబోతున్నారు. ఈ సంగతి పక్క సీటాయనకు వివరించండి. "నేరుగా బస్సుందిగా?" అంటాడు. ఆయనకు నడక మహత్యం గురించి జడ్చర్ల నుంచి బీచుపల్లి దాకా చెప్పండి. కృష్ణ వంతెన మీద అందరూ దండం పెట్టుకుంటారు కాబట్టి అక్కడ ఒక నిమిషం ఆపొచ్చు.

అలంపురం చౌరస్తా రాగానే మీకో ఆలోచన రావాలి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. ఒక ద్వారం చూసుకుని వెళ్తే మంచిదంటారు గానీ, ఒక్కటేమిటి? అక్కడే దిగి కారు మాట్లాడండి. జోగులాంబ దర్శనం చేసుకుని, కడప వైపు సిద్ధవటం, అటునుంచి త్రిపురాంతకం, మళ్లీ కృష్ణ దాటి ఉమామహేశ్వరం కొట్టేసి, రాత్రికల్లా వెంకటాపురం చేరొచ్చని డ్రైవరు కూడా ఒప్పుకుంటాడు. ఆయనకు కిలోమీటరు లెక్కన డబ్బులు. చేరేసరికి ఎల్లుండవుతుంది.

బస్సులో ఉన్నంతసేపూ నీళ్లు తాగకండి. తాగితే దిగాల్సొస్తుంది. ఆడవాళ్లకు ఈ సలహా నేను చెప్పాల్సిన పని లేదు, మన బస్టాండుల మరుగుదొడ్లు ఎప్పుడో చెప్పేశాయి. పొద్దుట్నుంచి నోరు కట్టుకున్నవాళ్లు మర్నాడు అడవిలోకి ఎండిన ఒంటితో అడుగుపెడతారు. శివరాత్రి నాటికి చలి పోయి పగటి ఎండ చురుక్కుమనడం మొదలవుతుంది కదా, పదింటికల్లా తలనొప్పి, పదకొండుకు పిక్కలు పట్టేయడం, అన్నీ వేళకు వస్తాయి.

తిండికి మాత్రం మొహమాటం వద్దు. కర్నూలు చేరాక ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా ముందుకు వెళ్లడం ఆ ఊరికే అవమానం. బొరుగులు నానబెట్టి, పప్పులపొడి చల్లి, వేడివేడిగా పెడతారు. బజ్జీ కొరికితే కళ్లలో నీళ్లు రావాలి. దీక్షలో ఉన్నాం, ఉగ్గానిలో ఉల్లిపాయ వేస్తారు కదా అన్న సంగతి రెండో ప్లేటు సగమయ్యాక గుర్తుకొస్తుంది. ఆ అపరాధ భావంతో సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉండి, రాత్రి పదింటికి ఆకలికి ఆగలేక పొద్దున కలిపిన పులిహోర తీయండి. పొద్దున అంటే మీకు తెలుసు, తెల్లవారుజామున రెండింటికి కలిపింది. ఎండలో రెండు బస్సులు మారింది.

ఫోను సంగతి. అడవిలో సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి మాట్లాడాల్సినవన్నీ ఇవాళే మాట్లాడేయండి. ప్రతి టోల్‌గేటు దగ్గరా సెల్ఫీ తీసి గ్రూపులో పెట్టండి. రేపు ఎన్ని గంటల్లో నడక పూర్తి చేస్తారో ముందే ప్రకటించండి. వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుంది. మీ అమ్మగారికి మాత్రం బస్టాండు నుంచి ఫోన్ చేసి, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం అదేనని చెప్పి, ఆవిడ "ఏమిట్రా?" అనేలోపు బస్సు వచ్చిందని పెట్టేయండి. తర్వాత బ్యాటరీ అయిపోతుంది. పవర్ బ్యాంకులు మూడూ సంచి అడుగున, పులిహోర కింద ఉంటాయి.

ఆత్మకూరు, ఆ రాత్రి

ఆత్మకూరులో దిగి ఆటో పిలిస్తే ఆటో అతను ముందు మిమ్మల్ని చూడడు, సంచుల్ని చూస్తాడు. "ఏంది సామీ, నడిసి పోతారా, కాపురం పెట్టనీకి పోతారా?" అంటాడు. నవ్వేసి ఊరుకోకండి, వాదించండి. ఆ ఊరివాళ్లు ఏటా వేలమంది యాత్రికుల్ని అడవిలోకి పంపుతుంటారు. ఎవడు నడుస్తాడో ఎవడు నాగలూటి నుంచే తిరిగొస్తాడో వాళ్లకు నడక తీరు చూస్తే తెలిసిపోతుంది. "సగం సామాను ఈడ్నే ఎవరింట్లోనన్నా పెట్టిపోండి సామీ, వచ్చినాక తీసుకుందురు" అని కూడా అంటాడు. అతనికి మీ ఆవకాయ మీద కన్నుందని అనుమానించండి.

ఆ వైపు ఉగాదికి వచ్చే కన్నడిగుల కథలు కూడా చెబుతారు. వినకండి. రాయచూరు, బాగల్‌కోట, విజయపుర, బెళగావి వైపు నుంచి వాళ్లు రోజుల తరబడి వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. అది మండుటెండల కాలం. చీకటితోనే లేచి నడక మొదలుపెట్టి, పొద్దెక్కాక చెట్టు నీడ చూసుకుని కూలబడి, చల్లబడ్డాక మళ్లీ కదులుతారు. సామాను ఏ ట్రాక్టరు మీదో వెనక వస్తుంది. భుజాన కంబళి, చేతిలో నీళ్లసీసా, అంతే. కొందరు మరకాళ్లు కట్టుకుని కూడా నడుస్తారు. గుంపులో ముసలమ్మ నెమ్మదిగా నడిస్తే గుంపంతా నెమ్మదిగా నడుస్తుంది. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు అని వాళ్ల లెక్క. చీరా సారే పసుపూ కుంకుమా పట్టుకుని కూతుర్ని చూసిరావడానికి వెళ్తున్నట్టు వెళ్తారు. పంతం ఉండదు, గడియారం ఉండదు, ఎవరికీ ఏదీ రుజువు చేయరు. ఇంత సుఖంగా వెళ్తే దాన్ని యాత్ర అంటారా? మీరే చెప్పండి.

వెంకటాపురంలో పడుకోవడానికి చోటు చూసుకునేటప్పుడు మైకుకు దగ్గరగా ఉండేది ఎంచుకోండి. ఎటూ పడుకోరు కదా. భజన ఉంటుంది, పాడండి. గొంతు బాగుందని ఎవరైనా అంటే ఇంకో రెండు పాడండి. భజన అయ్యాక పోయినేడాది నడిచినవాళ్లు తమ అనుభవాలు మొదలుపెడతారు. ఒకాయన ఎలుగుబంటిని చూశానంటాడు, ఇంకొకాయన చిరుతను. మూడో ఆయన చూసినదానికి పేరు కూడా ఉండదు. వింటూ కూర్చుంటే ఒంటిగంట. అప్పుడు బూట్లు విప్పుదామంటే రావు. నానిన సాక్సు బొబ్బకు అతుక్కుని ఉంటుంది. లాగండి. పక్కనున్న ముసలాయన ఎనిమిదింటికే కాళ్లు కడుక్కుని, పిక్కలకు నూనె రాసుకుని, కండువా మొహం మీదికి లాక్కుని నిద్రపోయి ఉంటాడు. ఆయన గురక మీద విసుక్కోండి.

మూడున్నరకు ఆయనే లేస్తాడు. చెంబెడు నీళ్లు తాగి, నుదుట విభూతి పెట్టుకుని, చేతికర్ర తీసుకుని, "లెయ్యి నాయనా, ఎండ రాకముందే నాగలూటి చేరుకుందాం" అని మిమ్మల్ని తట్టి లేపుతాడు. మీకు కన్ను తెరుచుకోదు. తెరుచుకున్నా నడుం లేవదు. లేచినా మడమ నేల మీద ఆనదు. కడుపులో పులిహోర ఏదో చెబుతూ ఉంటుంది. "మీరు పదండి తాతా, నేనొచ్చి కలుస్తా" అనండి. ఆయన "హరహర మహాదేవ" అనుకుంటూ చీకట్లో కలిసిపోతాడు. మీరు గోడకు చేరగిలబడి ఓఆర్ఎస్ పొట్లం కోసం సంచి వెతకడం మొదలుపెడతారు. ఫ్యూజు వైరు దొరుకుతుంది.

ఈ స్థితికి వచ్చారంటే నా సలహాలన్నీ సక్రమంగా పాటించారన్నమాట. ఇక కంగారు పడాల్సింది లేదు. ఎనిమిదింటి దాకా పడుకుని, అదే ఆటోను పిలిచి ఆత్మకూరు బస్టాండుకు రండి. అతను ఏమీ అడగడు, నవ్వుతాడు అంతే. అక్కణ్నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలానికి బస్సులున్నాయి. కుడి ఎడమలు చూసుకోకుండా ఏ సీటు దొరికితే అందులో కూర్చోండి. దోర్నాల దాటాక ఘాటు రోడ్డు మొదలవుతుంది, నిన్నటి బజ్జీల సంగతి గుర్తుంటే కిటికీ పక్కన కూర్చోవడం మేలు. శిఖరేశ్వరం దగ్గర బస్సులోంచే దండం పెట్టుకోండి. హటకేశ్వరం దాపున, కైలాసద్వారం మెట్లెక్కి వచ్చినవాళ్లు గుంపులుగా రోడ్డెక్కుతూ కనిపిస్తారు. దుమ్ము కొట్టుకుపోయి, పెదాలు పగిలి, కర్రల మీద ఆనుకుని ఉంటారు. పాటలు కూడా పాడుతుంటారు. వాళ్లలో మీ వాళ్లెవరూ ఉండరు, భయపడకండి. మీ వాళ్లు రేపు సాయంత్రం గానీ రారు.

సాక్షి గణపతి దగ్గర మాత్రం తప్పకుండా దిగండి. ఆయన చేతిలో కలమూ పుస్తకమూ ఉంటాయి. శ్రీశైలానికి వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, వీళ్లు వచ్చారని కైలాసంలో సాక్ష్యం చెబుతాడని నమ్మకం. ఏ దారిన వచ్చారో రాసే గడి ఆ పుస్తకంలో ఉందని మాత్రం నేనెక్కడా వినలేదు. కుంటుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడండి. నటించాల్సిన పని కూడా లేదు, ఆ బూట్లతో మామూలుగా నడిచినా అలాగే ఉంటుంది.